తూచ్ లేని ఆట

కోదాడ,
జూన్ 29.

ప్రియమైన అమ్మమ్మకు,

వందనాలు. "ఫోన్‌లో అరిచే మాట నిలవదు, ఉత్తరం రాయి" అని బస్సు ఎక్కించేటప్పుడు చెప్పావు కదా, రాస్తున్నాను. ఇక్కడ ఫోన్ ఆదివారం మాత్రమే ఇస్తారు. అదీ వార్డెన్ మేడమ్ బల్ల ముందు నిలబడి మాట్లాడాలి. వెనక లైన్‌లో ఉన్నవాళ్లు మన మాటలన్నీ వింటూ నవ్వుతుంటారు.

గదిలో నాతోపాటు జమునా అని నడిగూడెం దగ్గరి తండా అమ్మాయి ఉంది. నిద్రలో కూడా ఫిజిక్స్ సూత్రాలు చెబుతుంది. మెస్‌లో వడ్డించే ఆంటీది జగ్గయ్యపేట. నేను "గింత చాలు" అంటే, "గింతేంటమ్మా, గింజంతా?" అని రోజూ ఆటపట్టిస్తది. ఎంపీసీ క్లాసులు మొదలయ్యాయి. సార్లు చాలా వేగంగా చెబుతున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. నేను పది పాసైనందుకు అమ్మ బుక్ చేసిన పార్సిల్ సూర్యాపేటకే, నీ పేరు మీదే వస్తుంది. అది 'థండర్ యార్డ్ టూ'. ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక నేను ఆడే కొట్లాట ఆట గుర్తుంది కదా, దానికి రెండో భాగం. నేను దసరా సెలవులకు గానీ దాని మొహం చూడలేను. అప్పటికి లోకమంతా ఆడేసి ఉంటుంది.

అందుకని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. నువ్వు దాన్ని పెట్టి, ఆడి, ఎలా ఉందో నాకు రాయాలి. నీకంటే కచ్చితంగా చూసేవాళ్లు నాకు తెలియదు. పేపరు చాటున కూర్చుని కూడా, నేను కొట్టిన దొంగదెబ్బలన్నీ పట్టేసేదానివి.

నీ మనవరాలు,
ప్రవళిక

*

సూర్యాపేట,
జూలై 4.

చి. ప్రవళికకు,

అమ్మమ్మ దీవెనలు. ముందుగా దిద్దుబాటు. "ఆటపట్టిస్తది" కాదు, "ఆటపట్టిస్తుంది". నోటితో ఎలాగైనా మాట్లాడు, కాగితం మీద మాత్రం రాత భాష రాయి. తప్పు రాసిన మాటను మూడుసార్లు రాసి పంపాలన్న నియమం నువ్వు కోదాడ పోయినంత మాత్రాన రద్దు కాలేదు.

పార్సిల్ వచ్చింది. అట్ట మీద ఇద్దరు మనుషులు ఒకరి గొంతు ఒకరు పట్టుకుని ఉన్నారు. పోస్ట్‌మ్యాన్ దాన్ని నా చేతిలో పెట్టి, నా మొహం చూసి, "టీచరమ్మా, అడ్రసు మీదేనా?" అని అడిగాడు. నాదేనని సంతకం చేశాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పినదాన్ని. నాకు తెలియని విషయం మీద అభిప్రాయం రాయను. రాయాలంటే ఆడాలి, ఆడాలంటే నేర్చుకోవాలి. నేర్చుకుంటాను. అయితే ఒక షరతు ఉంది. నేను ఆట సంగతి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నువ్వు చదువు సంగతి ఉన్నది ఉన్నట్టు రాయాలి, వారం పరీక్షల మార్కులతో సహా. ఇద్దరిలో ఎవరు దాచినా ఒప్పందం ముగిసినట్టే.

మన ఇంటి నియమమే దీనికీ వర్తిస్తుంది. ఓడిపోబోతుండగా ఆట ఆపేసి, "తూచ్, ఇది లెక్కలోకి రాదు" అనడం నీకు అలవాటు. నేను నిషేధించిన మాట అది. ఆటలో తూచ్ లేదు. ఒప్పందంలోనూ లేదు.

రిమోట్ ఎలా పట్టుకోవాలో వివరంగా రాయి.

అమ్మమ్మ,
మరియమ్మ

*

కోదాడ,
జూలై 10.

ప్రియమైన అమ్మమ్మకు,

వందనాలు. ఆటపట్టిస్తుంది, ఆటపట్టిస్తుంది, ఆటపట్టిస్తుంది.

ఒప్పందం నాకు సమ్మతం. మొదటి వారం పరీక్షలో లెక్కలు నూటికి అరవై ఎనిమిది, ఫిజిక్స్ యాభై తొమ్మిది, కెమిస్ట్రీ డెబ్బై ఒకటి. నన్ను మంచి మార్కులవాళ్లుండే 'ఏ' సెక్షన్‌లో కూర్చోబెట్టారు.

అది రిమోట్ కాదమ్మమ్మా, కంట్రోలర్. రెండు చేతుల్తో పట్టుకోవాలి, గిన్నె అంచులు పట్టుకున్నట్టు. ఎడమ బొటనవేలితో నడిపించాలి, కుడి బొటనవేలితో కొట్టాలి. కుడి చూపుడువేలి కింద ఉన్న మీట నొక్కి పట్టుకుంటే దెబ్బకు చెయ్యి అడ్డం పెడతారు. టీవీలో నీ వార్తలు వచ్చే దారి వేరు, ఆట వచ్చే దారి వేరు. ఇన్‌పుట్ మీట నొక్కితే దారి మారుతుంది. డిస్క్‌ను బొమ్మ పైకి ఉండేలా టీవీ పక్కనున్న ఆట పెట్టెలో పెట్టు.

అన్నింటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది. నేను ఎప్పుడూ ఆడే పొడుగు జడ ఆమె, మనం జడలమ్మ అని పిలిచే ఒలీనా, ఇందులో ఉందా? రెండో భాగాల్లో పాతవాళ్లను తీసేస్తుంటారు. ఆమె లేకపోతే నాకు మెల్లగా చెప్పు.

ప్రవళిక

*

సూర్యాపేట,
జూలై 19.

చి. ప్రవళికకు,

దీవెనలు. జడలమ్మ ఉంది. ఇక మిగతాది నెమ్మదిగా చదువు.

డిస్క్ పెట్టగానే ఆట మొదలవుతుందనుకున్నాను. కాలేదు. ముందు ఒక ఒప్పంద పత్రం వచ్చింది. "అంగీకరిస్తున్నాను" అని నొక్కమంది. చదవకుండా ఎలా అంగీకరిస్తాను? కళ్లద్దాలు మార్చుకుని చదవడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా తెర దానంతట అదే నల్లబడింది. మళ్లీ వెలిగించి మొదటి నుంచి చదివాను. ఇందులో నాకు నచ్చని వాక్యాలు రెండున్నాయి. వాటికి అభ్యంతరం తెలిపే మీట ఎక్కడా లేదు. నొక్కక తప్పలేదు.

తర్వాత ఇంకో ప్రమాదం జరిగింది. నా మనిషికి మొదటి దెబ్బ తగలగానే చేతిలోని రిమోట్ గజగజ వణికింది. షాక్ కొట్టిందనుకుని దాన్ని సోఫా మీద పడేసి, పోయి మెయిన్ ఆపేశాను. కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి వెంకటనర్సమ్మ చీకట్లో నిలబడి, "ఏమైందక్కా, ఫీజు కొట్టేసిందా?" అని అడిగింది. దెబ్బ తగిలితే వణకడం దాని గుణమని అట్టపెట్టె వెనక చదివాక తెలిసింది. నువ్వు రాయవలసింది, రాయలేదు.

ఇక నా అభిప్రాయం. మొదటి భాగంలో చుట్టూ నిలబడిన జనం గోడకు అంటించిన కాగితాల్లా ఉండేవారు. ఇందులో కదులుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు, ఓడేవాడి వైపు నుంచి గెలిచేవాడి వైపుకు జరిగిపోతున్నారు కూడా. ఇది సహజంగా ఉంది, కానీ మెచ్చుకోదగిన గుణం కాదు. జడలమ్మ జడ ఇప్పుడు ఆమెతోపాటే ఆగిపోకుండా, ఆమె ఆగాక కూడా ఒక క్షణం ఊగి ఆగుతుంది. అది చేసినవాళ్లెవరో జడ వేసుకున్న మనిషిని దగ్గరగా చూశారు. ఆమెకు మోకాళ్ల కింది దాకా లాగు కూడా తొడిగారు. సంతోషం. దెబ్బకు బరువు వచ్చింది. మొదటి భాగంలో అందరూ దూదితో కొట్టుకున్నట్టు ఉండేది.

లోపాలు. అక్షరాలు మరీ చిన్నవి. ఒక్కో కొట్లాటకు ముందు చాలాసేపు కాచుకోవాలి. ఓడినవాడి మీద గెలిచినవాడు ఎగతాళి మాటలు అనడం నాకు నచ్చలేదు.

నేను గొడుగు పట్టుకున్న ముసలాయనను ఎంచుకున్నాను. అందరిలోకీ నిటారుగా నిలబడేది ఆయనే. అడ్డం పెట్టే మీట ఒక్కటే నొక్కి పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎవరు కొట్టినా తగలకూడదని నా ఉద్దేశం. ఇక్కడే ఈ రెండో భాగం పెద్ద మార్పు చేసింది. మొదటి దాంట్లో ఎంతసేపైనా అడ్డం పెట్టుకుని నిలబడవచ్చు. ఇందులో ఎక్కువసేపు పట్టుకుంటే ఆ అడ్డమే పగిలిపోతుంది, మనిషి తూలిపోతాడు. నాకిది అన్యాయం అనిపించింది. జాగ్రత్తపడేవాడికి శిక్ష వేసే నియమం ఎక్కడైనా ఉంటుందా?

వెంకటనర్సమ్మ కరివేపాకు మరిచిపోయి పక్కన కూర్చుంది. "ఏందక్కా, గీ వయసుల గీ కొట్లాటేంది?" అని మొదలుపెట్టి, చివరికి, "గా పొట్టోన్ని కొట్టు! కాళ్లు, కాళ్లు సూడు! అబ్బ, నీ చేతుల ఏం బలం లేదు, గిటియ్యి" అని రిమోట్ గుంజుకుంది. ఆమె కూడా ఓడిపోయింది. పొట్టివాణ్ని తిట్టుకుంటూ ఇంటికి పోయింది.

మొత్తం మీద నూటికి డెబ్బై రెండు వేయవచ్చు. అందానికి ఎక్కువ వేయలేదు, పనితనానికే వేశాను.

నీ మార్కులు చూశాను. ఫిజిక్స్ పెరగాలి.

అమ్మమ్మ

*

కోదాడ,
జూలై 28.

ప్రియమైన అమ్మమ్మకు,

వందనాలు. నీ ఉత్తరం జమునాకు చదివి వినిపించాను. మెయిన్ ఆపేసిన దగ్గర మంచం మీద నుంచి కింద పడింది. "మీ అమ్మమ్మను గీడికి వార్డెన్‌గా పంపియ్యమను, ఉన్న మేడమ్ సూర్యాపేట పోయి ఆ ఆట ఆడుకుంటది" అంటోంది. ఉత్తరం ఇప్పుడు గదులన్నీ తిరుగుతోంది. నీ డెబ్బై రెండు మీద మెస్‌లో పెద్ద చర్చ జరిగింది. తక్కువ వేశావని అందరి అభిప్రాయం.

అడ్డం పగిలిపోవడం అన్యాయం కాదమ్మమ్మా. నిలబడ్డ చోటే నిలబడకుండా మధ్యలో వదిలి, ఒకటి కొట్టి, మళ్లీ పట్టుకోవాలని దాని అర్థం.

ఇంకొకటి చూసి చెప్పు. మొదటి తెర మీద కింద 'షాడో' అని ఒక గడి ఉంటుందట. నేను పాత భాగంలో ఆడిందంతా మన ఆట పెట్టెలో దాచి ఉంది. ఈ కొత్త భాగం దాన్ని చదువుకుని, అచ్చం నాలాగే ఆడే ఒక నీడను తయారు చేస్తుందట. నేను లేకపోయినా నువ్వు నాతో ఆడవచ్చు. నిజంగా నాలాగే ఉంటుందా, ఊరికే అంటారా?

పరీక్షలు బాగానే జరుగుతున్నాయి.

ప్రవళిక

*

సూర్యాపేట,
ఆగస్టు 8.

చి. ప్రవళికకు,

దీవెనలు. "బాగానే" అన్నది మార్కు కాదు. వచ్చే ఉత్తరంలో అంకెలు రాయి.

నీడ గడి ఉంది. నొక్కాను. తెర మీద ఇటు నా గొడుగు ముసలాయన, అటు జడలమ్మ. ఆమె తల మీద నీ పేరు, నువ్వు పాత ఆటలో పెట్టుకున్నట్టే, ఒక అక్షరం తప్పుతో. గంట మోగగానే జడలమ్మ రెండుసార్లు ఊరికే ఎగిరింది. ఎవరినీ కొట్టడానికి కాదు. నేను లేచి నిలబడ్డాను ప్రవళికా. నువ్వు ఆట మొదలుపెట్టేటప్పుడు సోఫా అంచున కూర్చుని అలా రెండుసార్లు ఎగిరేదానివి. స్ప్రింగులు పోతాయని తిట్టేదాన్ని. నీతోపాటు తెర మీది మనిషిని కూడా ఎగిరించేదానివని నాకు ఇప్పటిదాకా తెలియదు.

ఆ తర్వాత కుడి కాలితో కింద ఒక దెబ్బ, వెనక్కి జరగడం, మళ్లీ అదే దెబ్బ. దొంగదెబ్బ కూడా మారలేదు. గొడుగు విప్పుకునే లోపల వీపు మీద తన్నింది. నేను వరుసగా ఓడాను. ఓడినా టీవీ ఆపబుద్ధి కాలేదు.

వెంకటనర్సమ్మ ఇప్పుడు కరివేపాకు సాకు కూడా చెప్పడం లేదు, నేరుగా వచ్చి కూర్చుంటోంది. నీ నీడను చూసి, "అక్కా, గిది మన పిల్లనే! అగో, ఎట్ల దుంకుతుందో సూడు" అని తెర దగ్గరికి పోయి చూసింది. మీ అమ్మ ఫోన్ చేస్తే, "నీ బిడ్డ గీడనే ఉన్నది, మీ అమ్మను తంతున్నది" అని చెప్పింది. మీ అమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

నీ ప్రశ్నకు జవాబు: నిజంగానే నీలాగే ఉంది. ఈ ఒక్కదానికే మూడు మార్కులు కలుపుతున్నాను. డెబ్బై ఐదు.

నువ్వు చెప్పినట్టు, అడ్డం వదిలి ఒకటి కొట్టి మళ్లీ పట్టుకోవడం అభ్యాసం చేస్తున్నాను. నా వయసులో పట్టుకున్నది వదలడమే కష్టం.

అమ్మమ్మ

*

కోదాడ,
ఆగస్టు 19.

ప్రియమైన అమ్మమ్మకు,

వందనాలు. నేను బాగున్నాను. భోజనం బాగుంది. జమునా బాగుంది. క్వార్టర్లీ పరీక్షలు వచ్చే నెలలో ఉన్నాయి కాబట్టి ఎక్కువ రాయడానికి వీలు కావడం లేదు. నువ్వు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో.

ప్రవళిక

*

సూర్యాపేట,
ఆగస్టు 27.

చి. ప్రవళికకు,

దీవెనలు. నీ ఉత్తరంలో ఒక్క తప్పు కూడా లేదు. అది చూసే నాకు అనుమానం వచ్చింది. అందులో మార్కులు లేవు. గింజంత నవ్వు లేదు. ఆట గురించి ఒక్క ప్రశ్న లేదు.

నేను ఆట సంగతి రాస్తాను, చదువు. ఈ వారం మొదటిసారి నీ నీడ మీద పైచేయి సాధించాను. జడలమ్మ బలం తగ్గుతూ వచ్చింది. ఇంకొక్క దెబ్బ పడితే గెలుస్తానన్నప్పుడు ఆమె వెనక్కి వెనక్కి జరిగి ఎడమవైపు గోడకు ఆనుకుంది. అక్కడ ఆగిపోయింది. కొట్టడం లేదు. అడ్డం పెట్టుకోవడం లేదు. చేతులు రెండూ కిందికి వేలాడేసి నిలబడింది. రిమోట్ చెడిపోయిందనుకున్నాను. మళ్లీ మొదటి నుంచి ఆడాను. మళ్లీ అక్కడికే పోయి, అలాగే నిలబడింది. ఎన్నిసార్లు ఆడినా అంతే.

వెంకటనర్సమ్మ, "కొట్టక్కా, ఇగ గెల్సినట్టే" అంది. నా వేలు ఆడలేదు.

ఆలోచిస్తే అర్థమైంది. నువ్వు సరిగ్గా ఆ సమయానికే తూచ్ అనేదానివి. నేను పేపరు మడిచి పక్కన పెట్టి, "ఆటలో తూచ్ లేదు, కానివ్వు" అనేదాన్ని. నువ్వు ఆట కానిచ్చేదానివి. నీ మాట యంత్రానికి వినబడలేదు. నువ్వు చేతులు వదిలేయడం మాత్రమే దానికి తెలిసింది, అదే దాచుకుంది. నేను గది అవతల నుంచి చూసి మొండితనం అనుకున్నాను. ఇప్పుడు ఎదురుగా నిలబడి చూశాను. అది మొండితనం కాదు.

ఆదివారం మీ అమ్మ మిర్యాలగూడ నుంచి వచ్చింది. దవాఖానలో డ్యూటీ దిగి నేరుగా బస్సెక్కిందట. టీవీలో గోడకు ఆనుకున్న జడలమ్మను చూపించి, "కరుణా, ఈ పిల్ల నాకు ఏదో చెప్పడం లేదు. నీకు తెలుసా?" అని అడిగాను.

మీ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తెలుసమ్మా" అంది.

"మరి నాకు చెప్పరా?"

"నీకెట్ల చెప్తమమ్మా? చెప్పినంక ఇగ మాట మార్చనియ్యవు. నీ ఇంట్ల తూచ్ ఉండదంటివి. చిన్నప్పటి సంది నేను గూడ గట్లనే నిలబడ్డ."

సంగతి ఏమిటని నేను మళ్లీ అడగలేదు. అది నువ్వు చెప్పవలసింది, మీ అమ్మ కాదు. ఒప్పందం ప్రకారం నేను ఆట సంగతి ఉన్నది ఉన్నట్టు రాశాను. నువ్వు కూడా గోడకు ఆనుకుని నిలబడ్డావా?

అమ్మమ్మ

*

కోదాడ,
సెప్టెంబర్ 2.

అమ్మమ్మా,

ఈ ఉత్తరం మాట్లాడినట్టే రాస్తున్న. దిద్దకు.

నన్ను 'ఏ' సెక్షన్ల నుంచి తీసేసిన్రు. జూలైలనే. రెండో పరీక్షల మార్కులు పడిపోయినయ్, మూడో దాంట్ల ఇంకా పడిపోయినయ్. ఇప్పుడు డీ సెక్షన్ల ఉన్న. మా క్లాసు మిద్దె మీది రేకుల గదిల ఉంటది. సార్లు వచ్చి ఉన్నమా లేమా చూసి పోతరు. 'ఏ' సెక్షనోళ్లు తినే బెంచి మీద మమ్ముల కూర్చోనియ్యరు. జమునా మాత్రం ప్లేటు పట్టుకొని వచ్చి నా పక్కనే కూర్చుంటది. "నాకు గా బెంచి మీద అన్నం అరగది తియ్" అంటది. ఆమె ఫస్టు ర్యాంకు.

లెక్కలు రాక కాదు అమ్మమ్మా. నీ దగ్గర చేసిన లెక్కలే. పేపర్ ఇయ్యంగనే అన్నీ చదువుత. తెలిసిన లెక్క గూడ కనపడతది. పెన్ను పట్టుకొనే ఉంట, చెయ్యి కదలది. పక్కోళ్లు పేజీలు తిప్పుతున్న చప్పుడు వినుకుంట కూర్చుంట. నువ్వు రాసిన నీడ ఉన్నది చూడు, అది చదివి నేను బాత్రూంల కూర్చొని ఏడ్చిన. గది నేనే.

నువ్వు తిడతవని చెప్పకుండ ఉండలే. నువ్వు తిట్టవు. పేపర్ మడిచి పక్కకు పెడతవ్. గంతే. తిట్టినా మంచిగుండు. పేపర్ మడిస్తె తట్టుకునుడు నాతోని కాదు. అమ్మతోని నేనే ఒట్టు పెట్టించిన, అమ్మను ఏమనకు.

ఇంకొకటి గూడ చెప్త. పది అయినంక నేను సీఈసీ తీసుకుంట అన్న. "లెక్కలు రానోళ్లు పోయేది అది" అన్నవ్. నేను లెక్కలు తప్పించుకుందామని అనలే. నువ్వు పేపర్ల చదవకుండ వదిలేసే మార్కెట్ పేజీ ఉంటది కదా, నువ్వు పండుకున్నంక అది నేను చదివేదాన్ని. సూర్యాపేట యార్డుల పెసర్లు ఒక ధర, తిరుమలగిరిల ఒక ధర ఎందుకుంటదో, మిర్యాలగూడ మిల్లులోళ్లు వడ్లు ఎందుకు తక్కువకు అడుగుతరో నాకు తెల్సుకోవాలని ఉంటది. నాన్న మిల్లుల నుంచి వచ్చి చెప్తుంటే ఎంత సేపైనా వింట. అది నీకు చెప్పలే. నువ్వు ఎంపీసీ అన్నవ్. అయిపోయింది.

దాచిన. ఒప్పందం తప్పిన. ఇగ నువ్వు ఆట సంగతి రాయకపోయినా సరే.

ప్రవళిక

*

సూర్యాపేట,
సెప్టెంబర్ 7.

నా ప్రవళికకు,

నీ ఉత్తరం చేరింది. నువ్వు కోరినట్టే దిద్దలేదు. దిద్దడానికి అందులో తప్పులు కనిపించలేదు.

నేను పేపరు మడిచి పక్కన పెట్టేది కోపంతోనేనా అని నువ్వు అడగలేదు కానీ చెబుతాను. అవును, కోపంతోనే. లేదని అబద్ధం రాయను. కానీ ఆ మడిచిన పేపరు నీకు ఎంత ఎత్తున కనిపించేదో నాకు తెలియదు. తరగతిలో కూడా అలాగే చేసేదాన్నేమో. పుస్తకం మూసి బల్ల మీద పెడితే పిల్లలంతా నిశ్శబ్దమైపోయేవారు. అది క్రమశిక్షణ అనుకునేదాన్ని.

నిన్న ఇక్కడి గవర్నమెంటు జూనియర్ కాలేజీకి వెళ్లాను. నా దగ్గర చదివిన ఏసుపాదం ఇప్పుడు అక్కడ సివిక్స్ చెబుతున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడి, "నమస్తే టీచర్, ఎవరి మీద కంప్లైంట్?" అన్నాడు. "నా మీదే" అన్నాను. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. సీఈసీలో చోటు ఉంది, చేరే గడువు కూడా ఉంది. నీ పేరు చెప్పలేదు. చెప్పే హక్కు నీది. నువ్వు ఎంపీసీలోనే ఉంటానంటే అక్కడే ఉండు, ఇంటి నుంచి ఇక్కడి కాలేజీకి పోతానంటే రా. ఈసారి నేను ఏదీ అనను.

అనవలసిన మాట ఒక్కటే మిగిలింది. పది అయ్యాక నిన్ను అడగకుండా, నువ్వు చెప్పబోయేది వినకుండా, నేను ఎంపీసీ అన్నాను. ఆ మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అది లెక్కలోకి రాదు. దీనికి మన ఇంట్లో ఒక పదం ఉంది. దాన్ని నేను ఎన్నడూ పలకలేదు, రాయలేదు. నిఘంటువులో వెతికాను, కనబడలేదు. చెవికి విన్నట్టు రాస్తున్నాను.

థూచ్.

అమ్మమ్మ

*

కోదాడ,
సెప్టెంబర్ 11.

ప్రియమైన అమ్మమ్మకు,

వందనాలు. నీ ఉత్తరం చదివి జమునా చేతికిచ్చాను. తను రెండుసార్లు చదివింది. తర్వాత, "మా తండాల గిట్ల తప్పు ఒప్పుకున్న ముసలామెను నేనైతే చూడలే" అంది. నీకు వందనాలు చెప్పమంది.

నేను వస్తాను. సీఈసీ చదువుతాను. అమ్మకు ఆదివారం ఫోన్‌లో చెప్పాను. వెనక లైన్‌లో అందరూ విన్నారు, విననివ్వు. అమ్మానాన్నలు వచ్చే వారం చివర్లో వచ్చి సంతకాలు పెట్టి టీసీ తీసుకుంటారు.

కానీ సోమవారం నుంచి క్వార్టర్లీ పరీక్షలు. అవి రాసే వస్తాను. మార్కుల కోసం కాదు. తెలిసిన లెక్కయినా, తెలియని లెక్కయినా, గంట కొట్టేదాకా పెన్ను కదిలిస్తూనే ఉంటాను. ఓడిపోతాను, అది నాకు తెలుసు. చేతులు మాత్రం కిందికి వదలను. వచ్చాక నా నీడతో నేనే ఆడతాను. దాన్ని గోడ దగ్గర నుంచి బయటికి తీసుకురావాలి. ఆ తర్వాత ఆటలో రెండో వైపు నువ్వుండాలి. పేపరు చాటున కాదు, నా పక్కన సోఫాలో.

ఇక దిద్దుబాటు. అది "థూచ్" కాదు, "తూచ్". నువ్వు రాసినట్టు ఒత్తి పలికితే ఎవరి మీదో ఉమ్మినట్టు ఉంటుంది. నియమం నీకు తెలుసు. కోదాడలో ఎలాగో సూర్యాపేటలోనూ అలాగే, రద్దు కాలేదు.

నీ మనవరాలు,
ప్రవళిక

*

సూర్యాపేట,
సెప్టెంబర్ 14.

నా ప్రవళికకు,

తూచ్. తూచ్. తూచ్.

రెండో కంట్రోలర్ ఛార్జింగ్ పెట్టాను.

అమ్మమ్మ